మా బావిలో తాబేలు

నల్గొండలో అక్వేరియం దుకాణం ముందు ఆగిపోయాను. గాజుపెట్టెలోంచి అరచేతంత తాబేలు మెడ చాపింది.

నీళ్లు శుభ్రంగా ఉంటాయని బావిలో తాబేలును వదిలేవాళ్లు, గుర్తుందా దోస్తులారా? కేతేపల్లిలో మా బావికి అదే పారిశుధ్య అధికారి. రోజూ జొన్నరొట్టె ముక్క వేసి హాజరు తీసుకునేవాణ్ణి.

బోరు పడ్డాక బాపు బావి పూడ్పిస్తానన్నాడు. నేను గట్టు మీద ధర్నాకు కూర్చున్నాను.

“లేస్తవా, నిన్ను గూడ పూడ్సాల్నా?” అన్నాడు బాపు.

అవ్వ గంపలో రొట్టె పెట్టి, తాడుతో దించి, తాబేలును పైకి లాగింది.

“అవ్వా, మన నీళ్ల గోలెంల ఉంచుకుందమే!”

“నిన్ను గోలెంల ఉంచితే ఉంటవా బిడ్డా? చెరువుల ఇడిసిపెట్టు.”

ఏడుస్తూనే వదిలాను. అధికారిగారు వీడ్కోలు సభకైనా ఆగలేదు.

ఇప్పటికీ బస్సు ఆ చెరువు పక్కనుంచి పోతుంటే కిటికీ సీటు కోసం కొట్లాడతాను, నీళ్ల మీద ఒక్క తల లేస్తుందేమోనని.