శనివారం నాన్న

వారంలో ఐదు రోజులు అమెరికాలో షామ్‌బర్గ్ ఆఫీసులో కోడ్ రాసుకునే మా నాన్న, వేసవి శనివారాలు కారు రేసులకు వెళ్లేవాడు. చూడటానికి కాదు, నడపటానికి. పాత కారులో సీట్లూ అద్దాలూ పీకేసి, లోపల ఇనుప గొట్టాలు బిగించి, మట్టి ట్రాక్ మీద గుండ్రంగా తిప్పే పందెం. ఒక్కసారైనా గెలిచింది లేదు. "హాయిగా క్రికెట్ ఆడుకోవచ్చు కదా బాస్!" అని తెలుగు అంకుల్స్ ఏడిపించేవారు. వాళ్లకేం తెలుసు? హెల్మెట్ తీసినప్పుడు ఒళ్లంతా దుమ్ముతో, మెరిసే కళ్లతో ఉండే నాన్నను వాళ్లెప్పుడూ చూడలేదు.

ట్రాక్ దగ్గర ఒక మర్యాద ఉండేది. ఎవడు గుద్దాడో వాడే సుత్తి పట్టుకొచ్చి సొట్ట తీయాలి. మాతో పందెం వేసే ఒక ముసలి మెకానిక్, మా కారును అలా గుద్దిగుద్దే మాకు చుట్టమైపోయాడు. అమ్మ చేసిన పులిహోర రెండు ప్లేట్లు తినందే కదిలేవాడు కాదు.

డ్రైవర్ కిటికీకి అద్దం బదులు వల ఉంటుంది. కారుకు దెబ్బ తగిలాక తను క్షేమంగా ఉంటే డ్రైవర్ ముందు ఆ వల దించాలి. అది దిగేదాకా జనంలో ఎవరూ కూర్చోరు.

నాకు పదకొండేళ్లప్పుడు నాన్న కారు గోడను కొట్టుకుని, పల్టీ కొట్టి, మళ్లీ చక్రాల మీద నిలబడింది. వల దిగలేదు. అమ్మ నా చెయ్యి నలిపేస్తోంది. ఎంతసేపో! అందరూ అటు పరుగెడుతుండగా వల మెల్లిగా దిగింది. నాన్నకు చిన్న గీత కూడా పడలేదు. ప్రమాదమైతే ఏం చేయాలో లిస్టు రాసి డాష్‌బోర్డుకు అంటించుకున్నాడట. ఇంజన్ ఆపు, పెట్రోల్ ఆపు, ఫ్యాన్ ఆపు, బెల్టు విప్పు. వల ఐదోది. మహానుభావుడు వరస తప్పలేదు.

"మీ లిస్టు తగలెయ్య! ముందు బతికున్నానని చెప్పాలి కదండీ!" అని అమ్మ అందరి ముందూ భోరుమంది. అయినా మానేయమని మాత్రం అనలేదు.

ఆ మాట నేనన్నాను. ఇంటికి వస్తుంటే వెనక సీట్లోంచి, "డాడీ, ఇంక రేస్ చేయొద్దు, ప్లీజ్" అన్నాను. నాన్న అద్దంలోంచి నన్ను చూసి, "సరే తల్లీ" అన్నాడు. వారం తిరక్కుండానే కారు ఆ ముసలాయనకు ఇచ్చేశాడు. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఈ వేసవిలో, ఆ ట్రాక్ ఇంకా నడుస్తోందని తెలిసి అడిగాను. "డాడీ, టికెట్స్ బుక్ చేయనా? ఊరికే చూసొద్దాం."

"వద్దమ్మా. చూస్తే ఎక్కాలనిపిస్తుంది. నీకు మాటిచ్చాను కదా."

పదహారేళ్ల కిందటి మాట. ఆ మాట వదిలేయి డాడీ అనబోయి మానేశాను. నా భయం ఇంకా పోలేదు. ఎదురుగా సోఫాలో, క్షేమంగా, టీ తాగుతూ కూర్చున్నాడు. అయినా ఆ శనివారం నాన్న మీద నాకు బెంగగా ఉంది.