రాతి గదిలో గాలి

శిలల గర్భంలో అణగి ఉన్న యురేనియం సగానికి తరగడానికి భూమి వయసంత కాలం పడుతుందని, సముద్రాలు గట్టులై ఆ గట్టులు మళ్లీ మన్నయినా ఆ తరుగుదల రెప్పపాటు కూడా ఆగదని, ఆ అనంతవ్యయంలో ఒక గడియ భాగాన్ని సీసపు గూటిలో కూర్చుండబెట్టి లెక్కకు తేవడమే తన బ్రతుకుతెరువని ఎరిగిన ఒక ప్రయోగశాల ఉద్యోగిని, యాభయ్యో పడికి చేరువైన వయసులో, సొంత తమ్ముడి కూతురు పడుకునే గది గాలిని కొలవవలసి వచ్చింది.

ఎక్కడెక్కడి నుంచో వచ్చిన మట్టిని ఆరబెట్టి, దంచి, జల్లించి, గాలి చొరని డబ్బాలో బిగించి నెల్లాళ్లు కదపకుండా ఉంచడం ఆమె పని. మట్టిలోని యురేనియం తరుగుతూ రేడియమవుతుంది; ఆ రేడియం నుంచి, ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులకు క్యాన్సర్ తేగల రాడాన్ అనే వాయువు పుడుతుంది. రాడాన్ అనే ఆ బిడ్డ రేడియమనే తల్లితో సరితూగేదాకా ఓపిక పట్టకపోతే అంకె అబద్ధమాడుతుంది. అక్క చేతికి దేవుడు దొరికినా సరే, డబ్బాలో పెట్టి నెల్లాళ్లు ఆగమంటుందని తమ్ముడు వేళాకోళమాడేవాడు.

అతడు తాపీమేస్త్రీ. గట్టు వాలులో కాస్త స్థలం సంపాదించి, ఆ గట్టు రాయినే కొట్టి, తన రెండు చేతులతో ఇల్లు లేపుకున్నాడు. వెనక గది మూడు వైపులా గట్టులోకి దిగి ఉంటుంది. చలి సోకదని ఏడాది నిండని పిల్లను అందులోనే పడుకోబెట్టేవారు. ఇల్లు చూడబోయిన అక్క పెరటి మన్ను దోసెడు మూటగట్టుకుంది. వెనక గది దూలానికి ఒక కొలత డబ్బా వేలాడదీసింది. గుప్పిట్లో పట్టే డబ్బా అది. లోపల గోరంత ఫిల్ము ఉంటుంది. రాడాన్ దాని మీద సన్నని గీతలు గీస్తుంది. మూడు నెలలయ్యాక ఆ గీతలను లెక్కపెట్టాలి.

మన్ను లెక్క ముందు తేలింది. రేడియం మామూలు నేలకు నాలుగింతలుంది. ఆ తరువాత తెచ్చిన ఫిల్ము మాత్రం దాదాపు ఖాళీగా కనబడింది. గండం గడిచిందని తమ్ముడు పొంగిపోయాడు గాని, అక్కకు నమ్మకం కలగలేదు. అంత రేడియం మీద కూర్చున్న మూసిన గదిలో ఆరుబయటి గాలి ఎలా ఉంటుంది? పొరపాటు తన చేతిలోనే దొర్లిందేమోనని గీతలు మళ్లీ ఎంచింది. చివరికి వెళ్లి మరదల్ని చాటుకు పిలిచి, డబ్బాను ఎవరైనా కదిపారా అని అడిగింది.

మరదలు వంచిన తల ఎత్తలేదు.

"పెరట్లో ఉంచాను వదినా, దండెం కొయ్యకి. కీడు కొలిచే డబ్బా అన్నావు. తనలో కీడు లేకుండా కీడునెలా కొలుస్తుంది అనుకున్నాను. పసిదాని నెత్తిమీద ఎలా ఉంచను? నువ్వొచ్చే ముందు మళ్లీ దూలానికి కట్టేశాను."

దొంగను లోపలే ఉంచి కుక్కను వెళ్లగొట్టినట్టయింది. అదీ పిల్ల మీది ప్రేమతో. ఆ మూడు నెలలూ పిల్ల ఆ గాలే పీల్చింది.

ఆమె మళ్లీ దూలానికి కట్టిన రెండో డబ్బాను ఎవరూ కదపలేదు. గీతలు కిక్కిరిసి వచ్చాయి. తమ్ముడు నేల పగుళ్లన్నీ సిమెంటుతో పూడ్చాడు. అంకె పిసరంత తగ్గింది. ముందు గదిలోనూ పెద్ద తేడా లేదు. తలుపులు తెరిచి ఉంచితే గాలి తేలికపడుతుంది, చలికి పిల్లకు ఆయాసం వస్తుంది. మూస్తే పిల్ల హాయిగా నిద్రపోతుంది, వాయువు పేరుకుంటుంది. గంధం పృథివి గుణమని శాస్త్రం. అదే పృథివి విడిచే ఈ ఊపిరికి గంధమూ లేదు, రంగూ లేదు. హెచ్చరించడానికి దానికేమీ లేదు.

తన అద్దె గదికి వచ్చేయమని అక్క బతిమాలింది. ఆ గదిలో ఆమెకే కాళ్లు చాపుకొనే చోటు లేదని తమ్ముడికి తెలుసు. అతడు గోడకు అరచెయ్యి ఆనించాడు.

"ఎవడో కలిపిన విషమైతే వెళ్లి గల్లా పట్టుకుందును. రాయి గట్టుది, కట్టింది నేను. ఎవర్ని తిట్టమంటావక్కా? అమ్మేద్దామంటే, కొన్నవాడికీ పిల్లలుంటారు."

మరదలు మాత్రం ఒక్కటే అడిగింది.

"ఇక్కడే ఉంటే నా పిల్లకి ఏమవుతుంది వదినా? నువ్వు చదువుకున్నదానివి, చెప్పు."

"ఏమీ కాకపోవచ్చు. ఎప్పుడో కావచ్చు కూడా. ఎంత ఉందో చెప్పగలనమ్మా. ఏమవుతుందో నాకు తెలీదు."

మరదలు పిల్లను ఉయ్యాలతో సహా గుమ్మం దగ్గరికి జరిపి తలుపు బార్లా తెరిచింది. చలిగాలి దూసుకొచ్చింది. చేయగలిగింది మరేదీ తోచక, అక్క వెళ్లి గడప మీద గాలికి వీపు పెట్టి, ఉయ్యాలకు అడ్డంగా కూర్చుంది.

ప్రాణులన్నిటినీ మోసే నేలతల్లి భూతధాత్రి ఆ ఇంటిపై దయ తలచుగాక. ఆ పసికందు నిండు నూరేళ్లు నిర్మలంగా ఊపిరి పీల్చుగాక. కట్టినవానికీ, కన్నతల్లికీ, కొలిచి కుమిలిన ఆ ఆడపడుచుకూ ఈశ్వరుడు ఆయురారోగ్యాలు, కంటినిండా నిద్ర ప్రసాదించుగాక.