మూడు వేల సీసీ మర్యాద

మికావాలో మాది కార్ల కంపెనీ ఊరు. ఇక్కడ మనిషి ఎంతటివాడో తెలియాలంటే మొహం చూడక్కర్లేదు, కారు వెనక్కి వెళ్లి డిక్కీ మీద ఇంజను సైజు చెప్పే అంకె చూస్తే చాలు. అలాంటి ఊళ్లో నుకాయా షోగో నలభై ఏళ్ల పాటు తలుపులు బిగించి బతికాడు. హయాసె అని కంపెనీ గొప్పగా చెప్పుకునే పెద్ద కారు ఉండేది, దాని తలుపులు. తలుపు వేసిన చప్పుడు విని ఏ మూల రబ్బరు సరిగా కూర్చోలేదో చెప్పేవాడు. ఆ పనిలో అతన్ని మించినవాడు లేడు. మిగతా విషయాల్లో అంత చవట ఈ జిల్లాలో ఇంకొకడు దొరకడు.

మొదటి మోడల్ హయాసె ఎనభై మూడులో వచ్చింది. నలుపలకల పెట్టె, లోపల ద్రాక్షరంగు మఖమల్ సీట్లు. యూరప్ కార్లను తలదన్నుతుందని కంపెనీ ఊదరగొట్టింది. తలదన్నడం దేవుడెరుగు, మలుపు తిరిగితే లోపలున్నవాళ్లకి కడుపులో తిప్పేది. అయినా కొన్నవాళ్లు సీట్లకి తెల్ల లేసు గుడ్డలు తొడిగి, గుడికి తీసుకెళ్లి పూజారి చేత మంత్రాలు చదివించి, ఆదివారం పొద్దున్నే వీధిలో అందరికీ కనపడేలా ఈకల కుంచెతో దుమ్ము దులిపేవారు. అలా దులిపినవాళ్లలో మొట్టమొదటివాడు నుకాయా పైఅధికారి, సెక్షన్ మేనేజర్ హిబినో.

మా ఊళ్లో ఎక్కడా రాసిపెట్టని నియమం ఒకటుంది. పైవాడి కారు కన్నా కిందివాడి కారు ఒక మెట్టు తక్కువ ఉండాలి. సమానంగా ఉన్నా తప్పే. ఫ్యాక్టరీ పార్కింగ్‌లో కొత్త బండి కనపడితే చాలు, డ్యూటీకి పోయేవాళ్లంతా దాని వెనక అంకె చూసి, ఎవరిదో ఆరా తీసి, పెదవి విరుస్తారు. ఇది పనికిమాలినతనమని ఒక్కడికీ తోచదు. దీనికి మర్యాద అని పేరు పెట్టుకున్నారు.

ఎనభై తొమ్మిదిలో రెండో హయాసె వచ్చింది. దేశమంతటికీ కళ్లు నెత్తికెక్కిన రోజులవి. మూడు వేల సీసీ ఇంజను, దానికి రెండు టర్బోలు, తలుపుల లోపల నిజమైన వాల్‌నట్ చెక్క. ఆ చెక్కను గీత పడకుండా తలుపులో కూర్చోబెట్టే కిటుకు కనిపెట్టింది నుకాయాయే. కంపెనీ అతనికో ప్రశంసాపత్రం, ఒక పెన్ను ఇచ్చింది. హిబినో పాతది అమ్మేసి మూడు వేల సీసీది కొన్నాడు. నుకాయా తను చేసే కారు వైపు చూడకుండా వెళ్లి ఒక చిన్న కారు కొనుక్కున్నాడు.

"తలుపులేమో మీరు బిగిస్తారు, తెరుచుకుని కూర్చునేదేమో ఆయన" అంది అతని భార్య తమాయె.

"ఫోర్‌మన్ పోస్టు ఖాళీ అవుతోంది. సిఫార్సు చేయాల్సింది ఆయనే. ఇప్పుడు ఆయన మనసు నొప్పించకూడదు."

"అంత సుకుమారమైన మనసైతే పట్టుబట్టలో చుట్టి బీరువాలో దాచుకోమనండి."

నుకాయాకి జీవితంలో ఉన్న కోరిక అదొక్కటే. ఫోర్‌మన్ అవ్వాలి. తెల్లటోపీ పెట్టుకుని, తను నేర్చిన తలుపుల పని పదిమందికి తన పద్ధతిలో నేర్పాలి. కోరిక మంచిదే. దానికి అతను ఎంచుకున్న దారే దరిద్రంగా ఉంది.

తొంభై ఆరులో మూడోది వచ్చింది. గుండ్రటి నాలుగు లైట్లు. ఇంజను రెండు రకాలు, మూడు వేల సీసీదానికి వెనక 30, రెండు వేలదానికి 20. కప్పమొహమని నవ్వినవాళ్లే నెల తిరక్కుండా వరస కట్టారు. ఈసారి నుకాయా ఆగలేకపోయాడు. తమాయె బెంతో కొట్లో పదేళ్లు అన్నం డబ్బాలు సర్ది దాచుకున్నదంతా భర్త చేతిలో పెట్టి, "మూడు వేల సీసీదే కొనండి. తక్కువది తెస్తే నేను ఎక్కను" అంది. కొన్నాడు. అదే నెలలో హిబినో కూడా కొన్నాడు. వెండిరంగు కారు, వెనక తళతళలాడుతూ 30 అని అంకె.

నుకాయాకి ముచ్చెమటలు పోశాయి. మేనేజర్‌తో సమానమైన బండి. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు పక్క ఊరి విడిభాగాల కొట్టుకి వెళ్లి, ఎక్కడో రాలిపోయిందని అబద్ధమాడి, 20 అని ఉన్న బిళ్ల కొనుక్కొచ్చి, 30 పీకి, అది అతికించాడు. ఊళ్లో చిన్న కారుకి పెద్ద అంకె అతికించుకునేవాళ్లు దండిగా ఉన్నారు. సొంత డబ్బుతో పెద్ద ఇంజను కొని దానికి చిన్న అంకె అతికించిన మహానుభావుడు ఇతనొక్కడే. తమాయె ఆ బిళ్ల కేసి చూసి, లోపలికెళ్లి అన్నం గిన్నె కడుక్కుంది.

అక్కడితో అయిపోలేదు. ఇంజను చప్పుడు ఎవరైనా పసిగడతారేమోనని గంటకి నలభై దాటేవాడు కాదు. సర్వీసుకి గామగోరి దాకా పోయి, ఎవరూ ఎరగని షెడ్డులో చేయించేవాడు. కాకెగావాలో ఉన్న అత్తగారింటికి ఎక్స్‌ప్రెస్‌వే మీద గంటలో పోవచ్చు. ఇతను పాత రోడ్డున మూడు గంటలు తీసుకెళ్లేవాడు.

"ఒక్కసారి ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కించండి. నా డబ్బు ఎలా పరిగెడుతుందో చూస్తాను" అనేది తమాయె.

"దారిలో హిబినో గారు ఎదురైతే?"

"ఎదురైతే ఏంటట? దిగి కాళ్లు మొక్కుదురు గాని."

ఫోర్‌మన్ పోస్టు రెండుసార్లు ఖాళీ అయింది. రెండుసార్లూ హిబినో వేరేవాళ్ల పేర్లు రాశాడు. "నీ పని చాలా బాగుంటుందయ్యా నుకాయా. ఇంకాస్త ఓపిక పట్టు" అనేవాడు. ఓపికకేం లోటు, అది తప్ప అతని దగ్గర వేరే ఆస్తి లేదు. రెండువేల ఐదులో నాలుగో హయాసెని పాలరాతి షోరూముల్లో, తెల్ల గ్లౌజుల సేల్స్‌మన్ల చేత అమ్మించారు. కంపెనీ ఊరివాళ్లే లోపలికెళ్లడానికి జంకారు. ఐదోది చిరుతపులిలా పళ్లికిలించే గ్రిల్లుతో వచ్చింది. అప్పటికి నుకాయా అరవై నిండి, మామూలు టోపీతోనే రిటైరయ్యాడు. జనం జీపుల్లాంటి ఎత్తు బండ్లకి ఎగబడ్డారు, హయాసెని అడిగే నాథుడు లేడు. ఇక ఆ కారు తయారుచేయబోమని కంపెనీ ప్రకటించిన ఏడాదే హిబినో పోయాడు.

నలభై తొమ్మిదో రోజు కార్యం అయ్యాక హిబినో భార్య కబురు చేసింది. షెడ్డులో ఆయన హయాసె అలాగే ఉంది, దాని సంగతేమిటో చూడమని. నుకాయా చావింటికి వేసుకునే నల్లకోటు వేసుకుని వెళ్లాడు, కారు చూడటానికి.

"నాకు వీటి గురించి ఏం తెలియదండీ. మీరు కారు మనిషి కదా, ఎవరికైనా ఇచ్చేయండి" అందావిడ.

"ఇది మామూలు బండి కాదు అమ్మగారూ. మూడు వేల సీసీ."

"అవునట. స్పీడు తట్టుకోలేవని నన్ను ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కించనే లేదు. సర్వీసు కూడా ఇక్కడ చేతకాదని గామగోరి తీసుకెళ్లేవారు."

బ్యాటరీ చచ్చిపోయి ఉంది. నుకాయా బానెట్ ఎత్తాడు. మూడు వేల సీసీకి ఆరు సిలిండర్లుండాలి. లెక్కపెట్టాడు. నాలుగు. కళ్లద్దాలు తుడుచుకుని వేలు పెట్టి మళ్లీ లెక్కపెట్టాడు. నాలుగే. రెండు వేల సీసీది. ఇరవై ఏళ్లు ఈ నాలుగు సిలిండర్లకి భయపడి అతను తన ఆరింటిని నోరెత్తనివ్వలేదు.

ఆవిడ బార్లీ టీ తెచ్చింది. "ఇది కొన్న రోజుల్లో షేర్లలో చాలా పోగొట్టుకున్నారు. అయినా కారు దగ్గర మాత్రం తగ్గలేదు. మీ మాట కూడా అంటుండేవారు."

"నా మాటా? ఏమని?"

"ఏమీ అనుకోకండి. నుకాయా చెయ్యి బంగారం, కానీ యాభై ఏళ్లొచ్చినా చిన్న ఇంజనుతో సరిపెట్టుకునేవాడికి పట్టుదల ఎక్కడుంటుంది, అలాంటివాణ్ని ఫోర్‌మన్ని ఎలా చేస్తాను అనేవారు."

నుకాయా బానెట్ మెల్లగా దించాడు. ఆవిడకి అసలు సంగతి చెప్పలేదు. "మంచి ఇంజను అమ్మగారూ" అని టీ తాగి, గ్లాసు పళ్లెంలో పెట్టి, ఇంటికొచ్చాడు.

తమాయె వంటింట్లో సోయా కాయలు తుంచుతోంది. అతను నిలబడే మొత్తం చెప్పాడు. ఆమె నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు.

"పదేళ్లండీ" అంది. "పదేళ్లు ఆ కొట్లో నిలబడి నా కాళ్లు వాచిపోయాయి. ఆ డబ్బు మీద బిళ్ల అతికించారు. ఆయన దొంగ. మీరేమిటి మరి? దొంగకి గొడుగు పట్టారు."

ఆమె చేపల కత్తి తీసుకుని బయటికెళ్లి ఆ 20ని పెకలించి చెత్తబుట్టలో పారేసింది.

"లోహాల చెత్త విడిగా బుధవారం వేయాలి కదా" అన్నాడు నుకాయా.

"కారెక్కండి. కాకెగావా. ఎక్స్‌ప్రెస్‌వే మీద."

ఎక్కాడు. తొయొకావా దగ్గర ఎక్స్‌ప్రెస్‌వే మీదికి వచ్చాడు కూడా. కానీ అరవై దాటడం లేదు. కాలు యాక్సిలరేటర్ మీదే ఉంది, నొక్కడానికి మనసొప్పడం లేదు. లారీలు హారన్లు కొట్టి తిట్టుకుంటూ పోతున్నాయి. హమానా సరస్సు దగ్గర తమాయె బండి ఆపించి, అతన్ని ఎడమ సీటులోకి నెట్టి, తను స్టీరింగ్ పట్టుకుంది.

ఆమె నొక్కింది. ఇంజను గొంతు విప్పింది. తన కారు చప్పుడు అతను వినడం అదే మొదటిసారి. బాగుంది. ఎంతో బాగుంది. నుకాయాకి ఏడుపొచ్చింది. తమాయె చూసింది, ఓదార్చలేదు, ఇంకా నొక్కింది.

హమామత్సు దాటాక ఎడమ వరసలో తెల్లటి ఐదో మోడల్ హయాసె కనపడింది. తమాయె దాన్ని దాటసాగింది. పక్కకి రాగానే నుకాయా వెన్ను నిటారు చేసి, ఆ కారు వైపు తిరిగి, బెల్టు మెడకి ఒరుసుకుంటున్నా నడుము వంచి దండం పెట్టాడు, దాటుతున్నందుకు క్షమించమని. దాన్ని నడుపుతున్న పాతికేళ్ల అమ్మాయి ఒక చేత్తో అన్నం ముద్ద తింటూ రోడ్డు చూసుకుంటోంది. అతని వంక చూడనే లేదు. చూడలేదేమోనని అతను మళ్లీ వంగాడు.