రెండువందల పద్నాలుగు కోట్ల అనుమానం

వరంగల్ స్టేషన్‌లో పార్సిల్ గుమాస్తా ఆనందరావుకు అనుమానం పుట్టుకతో వచ్చిందో, ఉద్యోగంతో అబ్బిందో చెప్పలేం. నర్సంపేట పత్తి బేళ్ల మీద తూకం రాసే ఉన్నా నమ్మడు, మళ్లీ కాంటా ఎక్కిస్తాడు. పాలల్లో వేలు ముంచి చూస్తాడు. చర్చిలో అందరూ కళ్లు మూసుకుంటే ఆయన ఒక కన్ను తెరిచే ఉంచుతాడు.

"నన్ను గూడ కాంటా మీద పెట్టి సూడుండ్రి!" అని భార్య లిదియా దెప్పేది.

అలాంటి మనిషికి మిగిలిన ఒక్క స్నేహితుడు బడిపంతులు వెంకటేశ్వర్లు. 1942 ఎండాకాలం ఓ సాయంత్రం హోటల్లో చాయ్ తాగుతూ పంతులు హుషారుగా ఓ సంగతి చెప్పాడు. ముప్ఫై ఒక్క రెండ్లను వరుసగా గుణించి, ఒకటి తీసేస్తే 2147483647. రెండువందల పద్నాలుగు కోట్ల పైచిలుకు! ఒకటితో, తనతో తప్ప దేనితోనూ అది శేషం లేకుండా తెగదు.

"నువ్వు భాగించి సూసినవా?" అన్నాడు ఆనందరావు.

"లేదన్నా. ఎన్నడో పెద్దోళ్లు సూసిండ్రు. పుస్తకంల ఉన్నది."

"అంటే సూడకుంటనే చెప్తానవు. బడి పిల్లలకు గూడ గిట్లనే అబద్ధాలు చెప్తవా?"

పక్క బెంచీ మీదివాళ్లు పకపకా నవ్వారు. పంతులు సగం చాయ్ వదిలేసి లేచిపోయాడు. మళ్లీ ఆ హోటల్ గుమ్మం గాని, ఆనందరావు గుమ్మం గాని తొక్కలేదు. అంత మాట అనాల్సిన పనేముంది, చెప్పండి!

ఆనందరావు పంతం పట్టాడు. ఆ సంఖ్య తెగుతుందని చూపిస్తే పంతులే దిగొస్తాడనుకున్నాడు. నలభై ఆరు వేల పైచిలుకు దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగిస్తే చాలు. అంతకన్నా పెద్దదానితో తెగేదైతే, దానితో గుణించాల్సిన జత సంఖ్య చిన్నదై ముందే పట్టుబడుతుంది. వాటిలోనూ అరవై రెండుతో భాగిస్తే ఒకటి మిగిలేవి మాత్రమే చూస్తే చాలని పంతులు ఆ రోజే చెప్పాడు. దగ్గరిదారి అనగానే ఆనందరావుకు అనుమానం రెట్టింపయింది. అన్నీ చూడాల్సిందే.

యుద్ధం రోజులు, కాగితానికి కటకట. పలక మీదే లెక్కలు. ఎవరైనా చూసి తన ఘనత కొట్టేస్తారేమోనని ఏ పూటది ఆ పూటే తడిగుడ్డతో తుడిచేసేవాడు.

నాలుగేళ్లు గడిచాయి. ఏదీ తెగలేదు. చివరి భాగహారంలోనూ శేషం మిగిలింది. ఆనందరావు ఖాళీ పలకను తిప్పి తిప్పి చూశాడు. అన్నీ చూశానా? జ్వరంతో పడుకుని లేచాక ఏవైనా దాటేశానా? తుడిచేసిన పలకను ఏమని అడగాలి? లోకం మొత్తాన్ని అనుమానించినవాడికి ఇప్పుడు తన మీదే అనుమానం పుట్టింది. అంత భయం ఆయన ఎన్నడూ ఎరగడు.

"పోయి పంతులుకు చెప్పుండ్రి," అంది లిదియా. వెళ్లాడు.

"తెగలే పంతులూ. నీ మాటే నిజం," అన్నాడు గడప బయటే నిలబడి. "గని రుజువు లేదు. అన్నీ తుడిచేసిన. కొన్ని తప్పిపోయినయో ఏమో గూడ తెల్వది."

పంతులు తలుపు బార్లా తీశాడు. "నువ్వు చెప్తానవు గదన్నా. సాలు. లోపలికి రా," అన్నాడు.

ఆనందరావు అలవాటు కొద్దీ ఆ ముఖంలో వెటకారం వెతికాడు. దొరకలేదు. నాలుగేళ్ల కిందట హోటల్లో తాను అనాల్సిన మాట అదేనని తోచి, గడప మీదే కూలబడి ఏడ్చాడు.