సెరిన్ అక్క చేతులు

సెరిన్ అక్క ఈ ఏడాది చదువు ముగించుకుని వెళ్ళిపోతోంది కాబట్టి, ఆవిడ గురించి నాలుగు మాటలు రాయాలట. మా కాలేజీ సాఫ్ట్‌వేర్ క్లబ్బు వాళ్ళు నన్నే అడగాలా? ఇంకెవరూ దొరకలేదా? సరే, రాస్తాను. అన్నీ తియ్యటి మాటలే వస్తాయని మాత్రం ఎవరూ ఆశ పెట్టుకోవద్దు.

బుసాన్‌లో మా కాలేజీ కొండ మీద ఉంది. వేసవి సెలవుల్లో పై తరగతుల వాళ్ళమే కింది తరగతుల పిల్లలకు సాఫ్ట్‌వేర్ తయారీ నేర్పుతాం. మాస్టార్లెవరూ ఉండరు. పోయిన వేసవిలో నాకు నలుగురు పిల్లలు, సెరిన్ అక్కకు నలుగురు. ఇద్దరిదీ ఒకే తరగతి, నేనూ ఈ ఏడాదే వెళ్తున్నాను. ఆవిడ రెండేళ్ళు నర్సింగు చదివి, మానేసి ఇటు వచ్చింది కనుక వయసులో నాకంటే పెద్ద. అందుకని అక్కా అని పిలవక తప్పదు. అదొక మంట.

వాళ్ళ నాన్న సిటీ బస్సు డ్రైవరు. ఇంట్లో కంప్యూటరు లేదు. మొదటి ఏడాది ప్రోగ్రామింగు పరీక్ష తప్పింది కూడా. నేను బడిలో ఉన్నప్పటి నుంచే కోడు రాస్తున్నదాన్ని, అదే పరీక్షలో క్లాసు ఫస్టు. మరి పిల్లలు ఎవరి చుట్టూ చేరాలి, మీరే చెప్పండి! ఆవిడ చుట్టూ చేరారు.

పోనీ ఆవిడేమైనా గొప్పగా చెబుతుందా అంటే, అదీ లేదు. ఎవరైనా "అక్కా, ఇది పనిచేయట్లేదు" అని వస్తే పక్కన కుర్చీ వేసుకుని, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. కీబోర్డు ముట్టుకోదు. "మొదట్నుంచీ పైకి చదువు, వింటా" అంటుంది. అంతే! వాళ్ళు ఒక్కో వరుసా చదువుకుంటూ పోయి, మధ్యలో ఎక్కడో ఆగి, "అయ్యో, ఇక్కడ!" అని అరుస్తారు. నా దగ్గరికి వస్తే కీబోర్డు లాక్కుని నిమిషంలో సరిచేసి ఇచ్చేదాన్ని. "అబ్బ, దసోమ్ అక్క సూపర్!" అనేవాళ్ళు. మళ్ళీ సందేహం వస్తే తిన్నగా ఆవిడ దగ్గరికే పోయేవాళ్ళు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "అక్కా, నువ్వు నేర్పుతున్నావా, కథలు వింటున్నావా?"

"నాకు చూడగానే అర్థం కాదు కదే దసోమ్. పైకి చదివితేనే అర్థమవుద్ది" అని నవ్వింది. ఆ నవ్వుకి ఒళ్ళు ఇంకా మండింది.

మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. నచ్చిన సీనియరు దగ్గరికి వెళ్ళి జూనియర్లు "అన్నం పెట్టించండి" అని అడుగుతారు. బిల్లు సీనియరే ఇచ్చుకోవాలి. అయినా అడిగించుకోవడమే గొప్ప. ఆ వేసవిలో సెరిన్ అక్క ఒంటరిగా తిన్న పూట లేదు. నా నలుగురిలో ముగ్గురు ఆవిడతోనే వెళ్ళి తినొచ్చారు. మిగిలింది తెగూన్ ఒక్కడే. వాడైనా నన్ను అడగాలి. చిన్నపిల్ల వేషాల్లా ఉన్నాయా? ఉండనివ్వండి. నాకు ఆ ఒక్క పిలుపు కావాలి.

హాస్టల్లో ఏ వాషింగ్ మెషీను ఖాళీగా ఉందో ఫోన్లో చూపించే ప్రోగ్రాం తెగూన్ రాశాడు. చివరి రోజు మధ్యాహ్నం, హాలు నిండా జనం ఉండగా తెర మీద పెట్టాడు. మెషీన్లన్నీ ఖాళీ అని వచ్చింది.

"ఇప్పుడేగా నా బట్టలు వేసొచ్చా! ఖాళీ అంటదేంట్రా?" అని వెనక నుంచి ఎవడో అరిచాడు. హాలంతా ఘొల్లున నవ్వింది.

నేను అప్పటికే వేదిక ఎక్కేశాను. కీబోర్డు మీద చెయ్యి వెయ్యబోతుంటే తెగూన్ అడ్డం వచ్చాడు. "వద్దక్కా. నేనే చూస్తా."

అంతమంది ముందు, మొదటి నుంచీ పైకి చదవడం మొదలుపెట్టాడు. ఒక చోట ఆగాడు. "అయ్యో, ఇక్కడ! బట్టలు వేసిన టైము మధ్యాహ్నం రెండైతే, రాత్రి రెండనుకుంటోంది. అన్నీ ఎప్పుడో ఉతికేశాయనుకుంటోంది!" పొద్దున సరిచూసుకున్నప్పుడు బాగానే ఉండటం అందుకే. వాడు సరిచేశాడు, హాలు చప్పట్లతో మోగిపోయింది. నేను చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాను. నా పిల్లవాడు, ఆవిడ పద్ధతి!

అంతా అయ్యాక తెగూన్ నా వైపే వచ్చాడు. "అక్కా, అన్నం పెట్టించండి."

ప్రాణం లేచొచ్చింది. "ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా రా!"

వాడు బుర్ర గోక్కున్నాడు. "ముందు సెరిన్ అక్కనే అడిగానక్కా. 'ఎప్పుడు పిలిచినా పరిగెత్తుకొచ్చింది ఎవర్రా? పోయి దసోమ్‌ని అడుగు, ఎదురుచూస్తోంది' అంది."

ఎదురుచూస్తోందట! అంటే ఆవిడ అన్నీ కనిపెడుతూనే ఉందన్నమాట. ఆకలి చచ్చిపోయింది. అయినా వాణ్ణి పంది మాంసం పులుసన్నం కొట్టుకి తీసుకెళ్ళాను.

గిన్నెలు వచ్చాయి. పులుసు చప్పగా ఇస్తారు, ఉప్పు రొయ్యలు ఎవరికి కావలసినంత వాళ్ళే కలుపుకోవాలి. ఎవరితో తిన్నా ఎదుటివాళ్ళ గిన్నెలో కూడా నేనే కలిపేస్తాను, నాకది అలవాటు. వాడి గిన్నె మీదికి వెళ్ళిన చెంచా మధ్యలో ఆగింది.

"నువ్వే వేసుకోరా" అన్నాను.

రెండు చెంచాలు ఎక్కువే వేసుకుని, మొహం చిట్లించి, గడగడా నీళ్ళు తాగాడు. నా చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి. ఖర్మ, చివరికి అవి కూడా ఆవిడ మాటే వింటున్నాయి.