మిద్దె మీద మాగబెట్టిన మూట

మొదటిసారి చూసినప్పుడు దాన్ని పుంటికూర, అదే గోంగూర, అనుకున్నాను.

చిక్కడపల్లిలో మేము కిరాయికున్నది మిద్దె మీది ఒంటిగది. నీళ్ల ట్యాంకు వెనక ఖాళీ పెయింటు బకెట్లలో కరివేపాకు, పుదీన వేసుకున్నాను. ఒక ఆదివారం పొద్దున పప్పులోకి నాలుగాకులు తుంచుకుందామని వెళ్తే, నేను పెట్టని బకెట్లో ఒక మొక్క ఏపుగా పెరిగి ఉంది. విప్పిన వేళ్లలాంటి ఆకులు. చెయ్యి చాచేసరికి నా భర్త వెనక నుంచి వచ్చి మణికట్టు పట్టుకున్నాడు.

"ముట్టకు. అది కూరాకు గాదు," అన్నాడు.

మరేమిటని అడిగితే గంజాయి అన్నాడు, టమాట మొక్క అన్నంత మామూలుగా. పోయినసారి ఊరికి వెళ్లినప్పుడు గింజలు చొక్కా జేబులో వేసుకుని వచ్చాడట. నేను నవ్వులాటేమో అనుకున్నాను. ఆయన మొహం చూస్తే కాదని తెలిసింది.

మాది పాలమూరు పక్క. ఆయన గ్రూప్స్‌కు చదవడానికి పెళ్లికి ముందే అశోక్‌నగర్ వచ్చాడు. సంబంధం చూసినప్పుడు మా నాన్నకు అందరూ చెప్పిన మాట ఒకటే, ఇవాళ కాకపోతే రేపు ఆఫీసరవుతాడని. పెళ్లయ్యాక నేను నారాయణగూడలో ఒక రక్తపరీక్షల ల్యాబులో రిసెప్షన్‌లో కుదిరాను. ఆయన పొద్దున్నే అన్నం డబ్బా పట్టుకుని లైబ్రరీ రీడింగ్ హాలుకు పోయేవాడు. ఒకసారి పరీక్ష వాయిదా పడింది. ఒకసారి కొద్దిలో పోయింది. ఒకసారి రాసిన పరీక్షే రద్దయింది. ఆయన దగ్గర పాత పుస్తకాలు అడిగి తీసుకున్న పిల్లలు ఉద్యోగాలొచ్చి స్వీట్ల డబ్బాలతో వచ్చి కాళ్లకు మొక్కిపోయేవాళ్లు. వాళ్లు వెళ్లాక ఆయన ఆ స్వీటు ముట్టేవాడు కాదు.

ఆఖరుసారి రాసిన ఆ పరీక్ష రద్దయ్యాక డబ్బా సర్ది ఇచ్చినా కదలలేదు. ట్యాంకు నీడలోనే కూర్చుని తిన్నాడు. తర్వాత అదే అలవాటైంది.

వాళ్ల తాత చేను గట్టున నాలుగు గంజాయి మొక్కలు ఉంచేవాడట. ఎడ్లకు కడుపుబ్బితే ఆ ఆకే మందు. జాతరకు పోతూ బైరాగులు వస్తే ఒక చిలుంకు సరిపడా చేతిలో పెట్టేవాడు. చిన్నప్పుడు తాత పక్కన కూర్చుని చూసిందంతా ఆయనకు గుర్తుంది. రాజ్యాంగంలో అధికరణాలు మళ్లీ మళ్లీ మరిచిపోయే మనిషి, ఇది మాత్రం ఒక్క ముక్క మరిచిపోలేదు. "ఎండకు ఎండితే గడ్డి, నీడకు మాగితే మందు," అని తాత మాట చెప్పేవాడు.

పూత కోసిన తర్వాత మా గది మా గది కాకుండా పోయింది. కిటికీలకు గోనెసంచులు కట్టాడు. నా చీరలు ఆరేసుకునే తాడు మీద రెమ్మలు తలకిందులుగా వేలాడాయి. అవి వాడిపోయాక పాత ధోవతి గుడ్డలో అదిమి మూటకట్టి, పండ్ల దుకాణం వెనక పారేసిన వరిగడ్డి తెచ్చి, కుండలో పరిచి అందులో పెట్టాడు. మామిడికాయలు మాగేసినట్టే. మధ్యమధ్య మూట విప్పి, అరచేత్తో వెచ్చదనం చూసి, గాలి తగలనిచ్చి మళ్లీ కట్టేవాడు. మొదట తడిగడ్డి వాసన, తర్వాత కుళ్లిన జామపండు వాసన, చివరికి పాతబెల్లం లాంటి ముదురు వాసన. నేను సాంబ్రాణి వేసేదాన్ని. ల్యాబులో ఒకామె ఏ పూజ చేస్తున్నారని అడిగింది. ఏదో దేవుడి పేరు చెప్పాను.

పొయ్యి మీద పాలు పెట్టి చూస్తుండమంటే పొంగబెట్టే మనిషి. నా జ్వరానికి మాత్ర తెమ్మంటే సాయంత్రం గుర్తొచ్చే మనిషి. ఆ మూట దగ్గర మాత్రం పురిటిబిడ్డను చూసుకున్నట్టు చూసుకునేవాడు. అంత ఓపిక ఆయనలో ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఉండి కూడా అది నా దాకా రాలేదని కూడా అప్పుడే తెలిసింది.

హాస్టళ్ల నుంచి పిల్లలు రావడం మొదలైంది. వదినా అని నన్ను పలకరించి ట్యాంకు వెనక్కి పోయేవాళ్లు. ఆయన ఎప్పుడూ అమ్మలేదు. అది నిజం. ఇచ్చేవాడు. రీడింగ్ హాల్లో ఆయన్ను చూసి జాలిపడే పిల్లలే ఇక్కడ అన్నా, అన్నా అని చుట్టూ చేరేవాళ్లు. వాసన చూసి, ఇది పోయినసారి దానికంటే మంచిగ మాగింది అంటే ఆయన మొహం వెలిగిపోయేది. అన్నేళ్ల చదువులో ఏ మార్కులకూ ఆ వెలుగు నేను చూడలేదు.

వద్దని చెప్పలేదా అంటే చెప్పాను. బతిమాలాను, తిట్టాను, మాట్లాడ్డం మానేశాను. పోలీసులొస్తే ఎట్లా అంటే, నాలుగు మొక్కలకు ఎవడొస్తడు అనేవాడు. ఆ సంవత్సరమే నాకు నెల తప్పింది. ఇక మారతాడనుకున్నాను. ఆయన సంతోషపడ్డాడు కూడా. మా అమ్మకు తనే ఫోన్ చేసి చెప్పాడు.

మూడో నెలలో ఒకరోజు మధ్యాహ్నం ల్యాబులో కడుపులో నొప్పి మొదలైంది. బాత్రూముకు పోతే రక్తం. ఆయనకు ఫోన్ చేశాను. సంగతి చెప్పాను.

"జర ఆటో మాట్లాడుకొని దవఖానకు పో. నేను ఎనుకనే వస్త. మూట ఇప్పి పెట్టిన, గిట్లనే ఇడిస్తే బూజు పడ్తది," అన్నాడు.

నేను మళ్లీ అడగలేదు. మా ఇంటి ఓనరు ఆంటీకి ఫోన్ చేస్తే ఆమె వంట మీదున్న మనిషి అలాగే నైటీ మీద చున్నీ వేసుకుని వచ్చింది. హైదర్‌గూడలో ఆసుపత్రికి ఆమే తీసుకుపోయింది. కడుపు నిలవలేదు, శుభ్రం చేయాలి, ఇంటాయన సంతకం కావాలని డాక్టరమ్మ అంటే ఆంటీ నా మొహం చూసింది. నేనే పెట్టుకుంటానన్నాను. అంతా అయిపోయి, నన్ను వార్డులో పడుకోబెట్టాక ఆయన వచ్చాడు. నుదుటి మీద చెయ్యి వేశాడు. ఎంత కడుక్కున్నా ఆ వేళ్లకు అదే వాసన. నేను గోడవైపు తిరిగాను.

ఇంటికి వచ్చాక మా అమ్మ కొన్నాళ్లు ఉండి పోయింది. ఆమె ఉన్నన్నాళ్లు కుండ ఆంటీవాళ్ల మెట్ల కింద దాచాడు. ఆమె బస్సెక్కిన సాయంత్రమే కుండ మళ్లీ పైకొచ్చింది. మర్నాడు ఆయన బయటికి వెళ్లినప్పుడు కుండ బయటికి లాగి, మూట విప్పి, బకెట్ నిండా నీళ్లు పట్టి పోశాను. తొక్కాను కూడా. కాళ్లకు జిగురంటింది, సబ్బుకు పోలేదు.

ఆయన వచ్చి చూశాడు. అరుస్తాడు, కొడతాడు అనుకున్నాను. కింద కూర్చుని తడిసిన ముద్దను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడు. ఆసుపత్రిలో ఏడవని మనిషి. కొంగుతో చేతులు తుడుచుకుంటూ నేను నిలబడి చూశాను. నాలో ఆ మనిషి కోసం మిగిలిందేదైనా ఉంటే అది అప్పుడు అయిపోయింది.

బర్కత్‌పురలో ఆడవాళ్ల హాస్టల్లో చేరాను. ఆయన ఆపడానికి రాలేదు. వానలు పడగానే మళ్లీ గింజలు పెట్టాడని ఆంటీ చెప్పింది. ఖాళీ చేయమంటే, ఈ ఒక్కసారికి అని బతిమాలాడట.

పక్క బిల్డింగువాళ్లు వాసనకు ఫిర్యాదు చేశారని తర్వాత తెలిసింది. పోలీసులు వచ్చి ఆయన్ను బకెట్లతో సహా తీసుకుపోయారు. పేపర్లో విద్యార్థులకు గంజాయి సరఫరా అని పడింది. వదినా అని పిలిచిన పిల్లల్లో ఒక్కరూ కనబడలేదు. మా అత్త ఊరి నుంచి నేరుగా నా హాస్టల్‌కు వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నువ్వే పట్టిచ్చినవు గదా," అంది.

కాదని చెప్పాను. నమ్మలేదు. ఊళ్లో అందరూ అదే అనుకుంటున్నారు, ఇప్పటికీ. మా నాన్న కూడా ఒకసారి, చేస్తే చేసినవు గాని జర ముందుగాల చేస్తే బాగుండు అన్నాడు. నేను పట్టిచ్చి ఉంటే ఆ నింద మోయడం తేలికయ్యేది.

బెయిలు మీద వచ్చాక ఆయన కాచిగూడలో ఒక లాడ్జిలో పనికి కుదిరాడు. విడాకుల కాగితాల కోసం ఒక రోజు వకీలు ఆఫీసులో కలిశాం. మనిషి కొంచెం ఒళ్లు చేశాడు. గడ్డం తీయించుకున్నాడు. వకీలు లోపల ఎవరితోనో ఉంటే బెంచీ మీద పక్కపక్కనే కూర్చున్నాం. ఏదో ఒకటి మాట్లాడాలని కొత్త నోటిఫికేషన్ పడిందట కదా అన్నాను.

"కేసున్నోనికి సర్కారు నౌకరీ ఎవడిస్తడు? ఇగ నన్నెవరు సదువుమనరు," అన్నాడు.

బాధపడుతూ అన్నాడేమోనని తల తిప్పి చూశాను. వీపు బెంచీకి ఆనించి, కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. మా పెళ్లయిన తర్వాత ఆయన అంత నిమ్మళంగా కూర్చోగా నేను చూడలేదు. ఇక చదవలేను అన్న రెండు మాటలు, ఎప్పుడో ఒక రాత్రి అన్నం తింటూ నాతో చెప్పి ఉంటే సరిపోయేది. నేను ఏమీ అనేదాన్ని కాదు. ఇద్దరం ఏదో ఒక పని చూసుకునేవాళ్లం.

వకీలు పిలిచాడు. ఆయనే ముందు లేచి లోపలికి పోయాడు.