దానియేలు మాస్టారి గోడ గడియారం

2001 వానాకాలంలో తిరువూరు కోర్టులో నడుస్తున్న ఒక వాటాల దావాలో నన్ను గడియారాల నిపుణుడిగా పిలిపించారు. అప్పట్లో విజయవాడలో పాత గడియారాలు బాగుచేయడం, వాటికి ధర కట్టడం నా వృత్తి. ధర కట్టడాన్ని మదింపు అంటాం. ఇలాంటి దావాల్లో ఇంట్లోని సామాను జాబితా రాయడానికి కోర్టు ఒక లాయరును కమిషనరుగా నియమిస్తుంది. సామానులో నగలుంటే ఆయన బంగారప్పని తెలిసినవాణ్ణి వెంట తీసుకెళ్తాడు, గడియారాలుంటే నాలాంటివాణ్ణి. నివేదిక ఆయనది, సంతకం ఆయనది. నా మాట అందులో ఒక పేరా అవుతుంది, అంతే.

ఆస్తి పెద్దదేమీ కాదు. దానియేలు గారని రిటైరైన హెడ్మాస్టరు చనిపోయారు. ఆయనకు పాత గడియారాల పిచ్చి. ఇంటి నిండా ఉండేవి గానీ, విలువైనది మాత్రం ఒక్కటే. అది వందేళ్ళ నాటి జర్మనీ గోడ గడియారం, వారానికోసారి కీ ఇచ్చేది. కొడుకు ప్రభాకర్ ఖమ్మంలో బ్యాంకు ఉద్యోగి. కూతురు సరోజిని తిరువూరులోనే స్కూలు టీచరు, తండ్రి ఇంట్లోనే ఉంటోంది. ఆ గడియారం లోపలి మిషను చెల్లెలు అమ్మేసుకుని, ఏదో నాసిరకం మిషను పెట్టెలో బిగించిందని ప్రభాకర్ ఆరోపణ. అది రుజువైతే ఆమె వాటాలో కోత పడుతుంది. అంతకంటే పెద్ద సంగతి, పిల్లలకు పాఠాలు చెప్పే మనిషి ఊళ్ళో దొంగ అనిపించుకుంటుంది. నిజానికి కోర్టుకు రాకముందే ఆ మాట బజారులో పడిపోయింది.

పెట్టె ఒక గడియారానిది, మిషను ఇంకోదానిది అయితే మేము అతుకుల సరుకు అంటాం. అసలు ధరలో నాలుగో వంతు కూడా పలకదు. పైకి చూస్తే తేడా తెలియదు. అందుకే ఈ వృత్తిలో ఎవరినీ నమ్మొద్దని నాకు పని నేర్పినాయన చెప్పేవాడు. ఆ ఒక్క పాఠం నాకు మరీ ఎక్కువగా ఒంటబట్టింది. మా ఆవిడ తోడేసిన పెరుగును కూడా వాసన చూసిగానీ తినేవాణ్ణి కాదు.

బస్సు ఎ.కొండూరు దాటాక వాన పట్టుకుంది. తిరువూరులో దిగేసరికి గొడుగుతో ప్రభాకరే ఎదురొచ్చాడు. కక్షిదారులు నిపుణుణ్ణి ముందుగా కలవడం మర్యాద కాదు. కాఫీ తాగుదాం రండి అన్నాడు, తాగనన్నాను. అయినా వదలకుండా పక్కనే నడుస్తూ మొదలుపెట్టాడు.

"చిన్నప్పట్నుంచీ విన్న గంటండి అది. నీళ్ళు నిండిన బిందె మీద వేలితో కొట్టినట్టు మోగేది. నాన్న ఆదరణ కూడికలో పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే మోగింది సార్, పళ్ళెం మీద గరిటె వేసినట్టు. కళ్ళు మూసుకునే అనుకున్నా, ఇది మా గడియారం కాదని."

ఆదరణ కూడిక అంటే చావు జరిగిన ఇంటివాళ్ళను ఓదార్చడానికి పెట్టుకునే ప్రార్థన. అక్కడ కూర్చుని గంట శబ్దం లెక్క చూసుకున్న మనిషి మీద నాకు సదభిప్రాయం కలగలేదు. అలాగని నటిస్తున్నట్టూ లేదు.

ఇంటి దగ్గర కమిషనరు, ఇరువైపుల లాయర్లు అప్పటికే కూర్చుని ఉన్నారు. సరోజిని టీచరు సెలవు పెట్టి వచ్చింది. నలభై దాటిన మనిషి, వాడిపోయినట్టు ఉంది. కుర్చీలు తుడిచి వేసి గోడ పక్కన నిలబడింది. గంట శబ్దంలో ఈ మధ్య ఏమైనా తేడా వచ్చిందా అని అడిగాను.

"ఏ తేడా లేదండి. ఎప్పుడూ ఇలాగే మోగుద్ది. రోజూ వింటున్నాను కదా" అంది.

పెద్ద ముల్లును మెల్లగా పన్నెండు మీదికి తిప్పాను. మోగింది. ప్రభాకర్ చెప్పింది అక్షరాలా నిజం, గరిటె శబ్దమే. ఆ రకం గడియారం అలా మోగకూడదని నాకు తెలుసు. ఈవిడ అబద్ధం చెబుతోందని అప్పుడే నిర్ణయించుకున్నాను.

గడియారాన్ని గోడ మీంచి దింపి బల్ల మీద పడుకోబెట్టి తలుపు తీశాను. మిషనును పట్టి ఉంచే స్క్రూల తలల మీద కొత్త గీతలు మెరుస్తున్నాయి. ఎవరో ఈ మధ్యనే విప్పారు. ఆ మాట పైకే చెప్పాను, కమిషనరు రాసుకున్నాడు. ఎవరు విప్పారని అడిగాడు.

సరోజిని తాను కీ ఇవ్వడం తప్ప ఎన్నడూ ముట్టుకోలేదని చెప్పింది. తాను స్కూల్లో ఉన్నప్పుడు అన్నయ్య ఎవరినో వెంటబెట్టుకొచ్చాడని పక్కింటివాళ్ళు చూశారనీ చెప్పింది. ప్రభాకర్ ముఖం మాడిపోయింది. అతని దగ్గరా ఇంటి తాళంచెవి ఒకటి ఉందట. పాత గడియారాలు కొనే ఒక వ్యాపారిని తీసుకొచ్చి విప్పించాడట. లోపల వెనక చెక్క మీద రెండు ఖాళీ స్క్రూ రంధ్రాలు చూపించి, మిషను మార్చేశారు, ఉత్త పెట్టె లెక్కన నాకిచ్చేయండి అన్నాడట ఆ వ్యాపారి. ఈయనగారు ఆ మాట పట్టుకుని బజారుకెక్కాడు.

నా అనుమానం ఇప్పుడు ముగ్గురి మీదికి పాకింది. విప్పిన పూటే ఆ వ్యాపారి అసలు మిషను కొట్టేసి ఉండొచ్చు. ప్రభాకరే కలిసి చేయించి ఉండొచ్చు. లేదా అంతకుముందే సరోజిని అమ్మేసి ఉండొచ్చు. ఇక మనుషుల మాట వినడం దండగనిపించి చేతిదీపం వెలిగించాను.

ముందు ఆ ఖాళీ రంధ్రాలు చూశాను. కొత్తగా తొలిచిన రంధ్రంలో చెక్క తెల్లగా కనపడుతుంది. ఇవి లోపలంతా నల్లబడి ఉన్నాయి. పైగా అవి మిషనువి కావు. ఈ రకం గడియారాల్లో గంట అంటే గిన్నె కాదు, చుట్టలు చుట్టిన ఉక్కు తీగ. ఆ తీగను పట్టి ఉంచే దిమ్మెను ఎప్పుడో పాతకాలంలో ఎవరో కాస్త పక్కకు జరిపి బిగించారు, పాత రంధ్రాలు మిగిలిపోయాయి. వ్యాపారికి ఇది తెలియకపోదు. తెలిసే చెప్పలేదు.

తర్వాత మిషను విప్పి పైకి తీశాను. అది కూర్చునే ఇనప పట్టీల కింద చెక్కకు గాలి తగలదు కాబట్టి రంగు మారదు. చుట్టూ నల్లబడినా పట్టీ ఆకారం మాత్రం లేతగా మిగిలిపోతుంది. ఎడమ పట్టీ మూల ఒకచోట ఆకురాయితో అరగదీసి ఉంది. దాని కింద చెక్క మీద ఉన్న లేత మచ్చకు కూడా సరిగ్గా అదే మూల లేదు. ఇంకో మిషను తెచ్చి పెడితే ఇలా కుదరడం కల్ల. వేరే మచ్చ ఏదీ లేదు. ఆ పెట్టెలో పుట్టినప్పటి నుంచీ ఉన్న మిషను అదే. కమిషనరును, లాయర్లను ఒక్కొక్కరినీ వంగి చూడమన్నాను.

మరి శబ్దం? సుత్తి చూశాక నా తల నేనే కొట్టుకోవాలనిపించింది. తీగను కొట్టే చిన్న సుత్తి మూతికి మెత్తటి తోలు ఉంటుంది. ఏళ్ళ తరబడి కొట్టీ కొట్టీ ఆ తోలు బిగుసుకుపోయి రాయిలా అయింది. ఇది ఒక్క రోజులో జరిగేది కాదు. శబ్దం ఏటా కాస్త కాస్త గరుకెక్కుతుంది. అదే ఇంట్లో రోజూ వినేవాళ్ళకు ఆ మార్పు తెలియదు. ఎప్పుడో పండక్కి వచ్చి హడావిడిలో ఉండి, ఎన్నో ఏళ్ళ తర్వాత ఒకసారి నిశ్శబ్దంలో విన్నవాడికి ఠక్కున తెలుస్తుంది. అన్న చెప్పింది నిజమే, చెల్లెలు చెప్పిందీ నిజమే.

కోర్టు పరిధిలో ఉన్న వస్తువులో నా ఇష్టానికి ఏదీ మార్చకూడదు. కమిషనరు ఇద్దరు లాయర్ల చేత ఒప్పుకోలు రాయించుకున్నాక, సుత్తి మూతికి జింకతోలు లాంటి మెత్తటి ముక్కను దారంతో తాత్కాలికంగా కట్టాను. మిషను బిగించి, గోడకు ఎక్కించి, ముల్లు తిప్పాను.

నిండు బిందె శబ్దం వచ్చింది. ప్రభాకర్ గడియారం ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఇదేనండి. మా నాన్న గడియారం ఇదే" అని కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. కమిషనరు నావైపు మెచ్చుకోలుగా చూశాడు. చెప్పొద్దూ, నాకు చాలా గర్వంగా అనిపించింది. ఇంత తేలిగ్గా తగువు తీర్చానే అనుకున్నాను. ప్రభాకర్ చెల్లెలి దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకుని, పొరపాటైపోయింది సరోజా, గడియారం నువ్వే ఉంచుకో అన్నాడు.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. గొంతు పెంచలేదు.

"బైబిలు మీద చెయ్యేసి చెప్పాను అన్నయ్యా, నేను ముట్టుకోలేదని. నమ్మలేదు. నేను స్టాఫ్ రూములోకి వెళ్తే మాటలు ఆగిపోతన్నాయి. ఇప్పుడు ఒక తోలుముక్క చెబితే నమ్మావు."

ఆమె కమిషనరు వైపు తిరిగి, ఆ గడియారం తనకు వద్దని, అన్నయ్య వాటాలో రాసుకోమని చెప్పింది. ప్రభాకర్ బతిమాలాడు, లాయర్లు నచ్చజెప్పారు. ఆమె టీ పెట్టి అందరికీ ఇచ్చింది, అతనికీ ఇచ్చింది, మాట మాత్రం మార్చలేదు. గడియారం అసలుదేనని, మిషను మారలేదని, ఫలానా ధర పలుకుతుందని నా పేరా నేను రాసిచ్చి సాయంత్రం బస్సెక్కాను. తర్వాత దావా రాజీ అయిందని, అన్నాచెల్లెళ్ళ మధ్య రాకపోకలు మాత్రం లేవని కమిషనరు ఫోనులో చెప్పాడు.

వస్తువు మీద అనుమానం తీరిస్తే మనుషుల మధ్య గొడవ కూడా తీరుతుందని అంతవరకూ నేను అనుకునేవాణ్ణి. అది నా వృత్తిలో లేని పని. ఆ తర్వాత రిటైరయ్యే వరకూ, మిషను మార్చారని ఇంట్లోవాళ్ళ మీదే ఫిర్యాదు వస్తే, గడియారం తలుపు తీసేముందు ఫిర్యాదు చేసినవాళ్ళను ఒక ప్రశ్న అడిగేవాణ్ణి: ఇది అసలుదని తేలితే, మీరు దొంగ అన్న మనిషికి ఏం చెబుతారు? సమాధానం దొరక్క గడియారాన్ని మళ్ళీ గోడకు తగిలించమన్నవాళ్ళున్నారు. అలాంటివాళ్ళ దగ్గర నేను ఫీజు తీసుకోలేదు.